మూడువందల పద్దెనిమిదో కాగితం

నా చేతిలో పడ్డాక బాగుపడని యంత్రం ఇంతవరకు ఈ భూమ్మీద పుట్టలేదు. పొద్దున పదకొండింటికి ఈ మాట అన్నప్పుడు అక్క ఇంకా చెప్పులు విప్పుతోంది. ఇప్పుడు మూడుంపావు. నేలమీద గోడకు ఆనుకుని నాలుగు గంటలుగా కూర్చుని ఉన్నాను, కుడికాలు ఎప్పుడో తిమ్మిరెక్కి నాది కాకుండా పోయింది, ఆ మాట మాత్రం ఇంకా ఈ గదిలోనే తిరుగుతోంది, కిటికీ దొరకని ఈగలాగా. నిజానికి నేను ముట్టుకున్న మిక్సీ అప్పట్నించి వెనక్కి తిరుగుతోంది. ఇస్త్రీపెట్టె ఇంట్లోవాళ్ళని ఏమీ అనదు, చుట్టాలు ముట్టుకుంటేనే షాకు కొడుతుంది. కాలింగ్ బెల్లు ఫ్రిజ్ తలుపు తీస్తే మోగుతుంది, అంచేత మా ఇంట్లో ఎవరూ ఎవరికీ తెలియకుండా చల్లనీళ్ళు తాగలేరు. ఇవి బాగుపడలేదని నేనొప్పుకోను, వాటికి కొత్త స్వభావం వచ్చింది, అంతే. కానీ ఈ నల్లడబ్బా, బయట తగిలించే హార్డ్ డ్రైవు, దీని ముందు నా విద్య పారడం లేదు. వాడని సబ్బుబిళ్ళంత ఉంటుంది. వైరు మార్చాను, కన్నం మార్చాను, పక్క ఫ్లాట్ వాళ్ళ వైరు తెచ్చి పెట్టాను, బోర్లించాను, ఊదాను, చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. దీపం వెలుగుతోంది, లోపల చక్రం తిరుగుతున్న సన్నని రొద వినిపిస్తోంది, ప్రాణం ఉంది. లాప్‌టాప్ మాత్రం దాన్ని చూసీ చూడనట్టు తల తిప్పుకుంటోంది, అప్పటిదాకా భుజాల మీద చేతులేసుకు తిరిగిన స్నేహితుడు పదవి రాగానే చేసినట్టు. ఇప్పుడైతే తెర నిండా నీలం. మధ్యలో గుండ్రంగా పరిగెత్తే చుక్కలు. కింద ఒకే వాక్యం. అప్‌డేట్ వెనక్కి తీస్తున్నాం, తొమ్మిది శాతం, దయచేసి కంప్యూటర్ ఆపవద్దు.

తొమ్మిది. ఇందాకా తొమ్మిదే. ఈ తొమ్మిది మీద అది ఇల్లు కట్టుకుని పిల్లల్ని కనేలా ఉంది. అక్క సోఫా అంచు మీద కూర్చుని గోళ్ళు చూసుకుంటోంది. అక్క కళ్ళజోళ్ళ షాపులో కళ్ళు పరీక్ష చేస్తుంది, రోజంతా మనుషుల్ని చీకట్లో కూర్చోబెట్టి ఇది బాగుందా, ఇది బాగుందా అని అద్దాలు మారుస్తూ ఉంటుంది. ఆ అలవాటు ఇంటికి కూడా వచ్చేసింది, ఏ మాటైనా రెండుసార్లు అడుగుతుంది, రెండో జవాబు మొదటిదానికంటే మసకగా ఉంటే కనిపెట్టేస్తుంది. అందుకే నేను దాని వైపు చూడటం లేదు. తొమ్మిది వైపు చూస్తున్నాను. తొమ్మిది నన్నేమీ అడగదు. లైబ్రరీ ఐదింటికి మూస్తారు. ఐదులోపు ఈ డబ్బాలో తప్ప ఇంకెక్కడా లేని నలభై ఒక్క అధ్యాయాలూ అక్కడి యంత్రంలోకి ఎక్కకపోతే, ఫిజియోథెరపీ చదివే చూపులేని పదిహేడుమంది పిల్లలు మూడు వారాల్లో పరీక్షకి ఏం విని పోవాలో ఎవరికీ తెలియదు. ఎముకలు, కండరాలు, నరాలు, వాటిని ఎలా వంచాలి, ఎలా సాగదీయాలి, తొమ్మిది వందల పేజీలు. చదివింది అమ్మ.

పదకొండు నెలలు చదివింది. బట్టల బీరువాలో. నేను అతిశయోక్తులు చెబుతానని పేరు గానీ ఇది మాత్రం అక్షరాలా నిజం, పెద్ద బీరువాలో చీరలన్నీ ఒక పక్కకి నెట్టి, దుప్పట్లు మూడు వైపులా వేలాడదీసి, ముక్కాలిపీట మీద కూర్చుని, తలుపు దగ్గరికి వేసుకుని, మైకు ముందు చదివేది. బొమ్మలు కూడా చదివేది. పటం ఏడు, ఎడమ నుంచి కుడికి, మొదట మోకాలి చిప్ప, గుండ్రంగా, చిన్న బిళ్ళలా, అని. కనిపించనివాళ్ళకి బొమ్మ చెప్పాలంటే ముందు తను చూడాలి కదా, తన మోకాలు తనే తడుముకుంటూ చెప్పేది, బీరువా సందులోంచి నేను చూశాను. చదివే రెండు గంటలూ ఇంట్లో ఫ్యాను తిరగకూడదు, కుక్కరు కూయకూడదు, నేను ఊపిరి తీసుకోవాలంటే మెట్ల మీదికి పోయి తీసుకుని రావాలి. తొమ్మిదో అధ్యాయంలో నేను పిల్లిలా అరిచాను. ఊరికే. నిశ్శబ్దం అంత చిక్కగా ఉంటే అందులో ఏదో ఒకటి వేయాలనిపిస్తుంది, బావి కనబడితే రాయి వేయాలనిపించినట్టు. అమ్మ ఆపలేదు, చదువుకుంటూ పోయింది, ఆ పిల్లి అందులో ఉండిపోయింది. తర్వాత ఆ పదిహేడుమందిలో ఒకతను, అమ్మ మచ్చుకి వినిపించిన ఆ ఒక్క అధ్యాయం విని, లైబ్రరీలో అమ్మని కలిశాడు, రెట్టింపు వేగంతో వినే మనిషి, "మేడమ్, మీరు నిజంగా ఇంత నెమ్మదిగా మాట్లాడతారా, నాకు నిద్రొస్తోంది" అన్నాడు. తర్వాత, "ఆ పిల్లిని తీసేయకండి, మోకాలి కీలు నాకు పిల్లి తర్వాతే గుర్తుంటుంది" అన్నాడు. ఆ వారమంతా నేను వైద్యశాస్త్రానికి నా సేవ గురించి చెప్పుకు తిరిగాను.

పదకొండు. పది ఎప్పుడొచ్చి వెళ్ళిందో. వంటింట్లో గరిటె ఒకసారి మోగింది, ఒకసారి అంటే ఎక్కడున్నావ్ అని. నేను నేలని వేళ్ళతో ఒకసారి కొట్టాను, ఇక్కడే అని. మూడు వారాలుగా మా ఇంట్లో భాష ఇదే. అమ్మ గొంతులో ఏవో చిన్న కాయలు వచ్చాయట, ఎక్కువ చదివితే అరిచేతుల్లో కాయలు కాసినట్టే, గొంతు డాక్టరు ఆరు వారాలు మాట్లాడొద్దన్నాడు. గుసగుస కూడా వద్దన్నాడు, గుసగుస ఇంకా ప్రమాదమట. ఆరు వారాల తర్వాత గొంతు వస్తుందా అని అక్క అడిగితే వస్తుంది అన్నాడు, పాత గొంతేనా అని మళ్ళీ అడిగితే చూద్దాం అన్నాడు. రెండో జవాబు మసక. అందుకని అమ్మ రాస్తుంది. రాయడానికి మా ఇంట్లో కాగితాలకి కరువు లేదు, తాత ప్రింటింగ్ ప్రెస్సు మూసేసినప్పుడు మిగిలిన డూప్లికేటు పుస్తకాలు మూడు అట్టపెట్టెల నిండా ఉన్నాయి. పైన తెల్ల కాగితం, కింద గులాబీ కాగితం, మధ్యలో కార్బను. ప్రతి కాగితానికీ నంబరు, తేదీ, వివరము అని ఒక గడి, అడుగున తీసుకున్నవారి సంతకం. అమ్మ వివరము గడిలో రాస్తుంది. 'స్నానం చేశావా.' 'తువ్వాలు మంచం మీద వేయకు.' నేను తమాషాకి అడుగున సంతకం పెట్టడం మొదలుపెట్టాను, తోకలూ కొమ్ములూ ఉన్న పెద్ద సంతకం, ప్రధానమంత్రి ఒప్పందాల మీద పెట్టేలాంటిది. మొదటి రోజు నవ్వింది. రెండో రోజు నుంచి సంతకం పెట్టేదాకా కదలడం మానేసింది. మాట్లాడేటప్పుడు అమ్మ మాట ఈ చెవిలోంచి ఆ చెవిలోకి పోయేది, ఇప్పుడు నంబరు వేసుకుని వస్తోంది.

పదిహేను. కాళ్ళు బారచాపుకున్నాను. తల బరువుగా ఉంది, కళ్ళు మూసుకుంటే కూడా ఆ చుక్కలు తిరుగుతున్నాయి. చుక్కలు తిరగడం నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఈ నీలం తెరని నేను ఇదివరకే మూడుసార్లు తయారుచేశాను. అచ్చం ఇలాగే ఉండే ఉత్తుత్తి బొమ్మ, తెర నిండా పరిచేస్తే చాలు, చుక్కలు తిరుగుతాయి, అంకెలు పెరుగుతాయి, దయచేసి ఆపవద్దు అని కూడా ఉంటుంది. మొదటిసారి అమ్మకి వేశాను. తొంభై తొమ్మిది దాకా పోయి మళ్ళీ పన్నెండుకి వచ్చేలా పెట్టాను. పాపం మధ్యాహ్నమంతా దాని ముందే కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది, తొంభై తొమ్మిది రాగానే చేతులు తుడుచుకునేది, పన్నెండు కాగానే మళ్ళీ గిన్నె దగ్గరికి లాక్కునేది. మూడు విడతలు అలా చేసింది. ఆ రోజు ఊళ్ళో చిక్కుడుకాయలన్నీ మా ఇంట్లోనే ఒలిచి ఉంటారు. అప్పుడు నేను గది తలుపు చాటున నోట్లో తువ్వాలు కుక్కుకుని నవ్వాను. ఇప్పుడు పదిహేను దగ్గర కూర్చుని నాకు ఆ చేతులు తుడుచుకోవడం గుర్తొస్తోంది, నవ్వు రావడం లేదు, బహుశా నిద్ర చాలక. మూడోసారి వేసినప్పుడు కనిపెట్టేసింది. చెవి మెలిపెట్టింది. అప్పుడు నేనే పెద్దమనిషిలా నేర్పాను, "చూడమ్మా, ఈ నీలం తెర వస్తే ముందు నన్నడుగు, నాది అయితే ఏమీ కాదు, బటను గట్టిగా నొక్కిపట్టి ఆర్పేయ్, వైర్లు పీకేసుకో, నిజమైనదైతే మాత్రం చెయ్యి పెట్టకు" అని.

ఆ సంగతి ఇప్పుడెందుకు. ఇరవై రెండు. చూడు, అది కదులుతోంది, అంతా మంచికే. లైబ్రరీలో కంప్యూటర్లు చూసే ఆయన ఫోన్లో చెప్పిందే చేస్తున్నాం. తొందరపడని మనిషి, ప్రతి మాటకీ ముందు ఒక దమ్ము తీసుకుంటాడు. "తమ్ముడూ, కంగారు పడకు, అప్‌డేట్ తర్వాత డ్రైవులు కనబడకపోవడం మామూలే, వెనక్కి తీస్తే వస్తాయి" అన్నాడు. ఎంత చక్కగా మాట్లాడాడు. తర్వాత ఇంకో దమ్ము తీసుకుని అడిగాడు, "ఒక్క ముక్క చెప్పు, అప్‌డేట్ నడిచేటప్పుడు మధ్యలో ఎవరైనా వైరు లాగారా?" ఫోను స్పీకరులో ఉంది. అక్క నా ఎదురుగా ఉంది. అమ్మ వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. నేను అన్నాను, "లేదండీ, ఎవరూ ముట్టుకోలేదు." అంత వేగంగా నేను ఏ పరీక్షలోనూ జవాబు చెప్పలేదు. అమ్మ నా వైపు చూసింది. గుమ్మానికి ఆనుకున్నది కాస్తా నిటారుగా నిలబడి ఇంకొంచెంసేపు చూసింది. తర్వాత లోపలికి పోయి కుళాయి తిప్పింది. మాట్లాడగలిగితే మాట్లాడేదేమో. మాట్లాడకూడదు కదా, డాక్టరు చెప్పాడు కదా, గుసగుస కూడా వద్దన్నాడు. డాక్టర్ల మాట వినాలి.

"అసలు ఎన్నింటికి వచ్చింది ఆ అప్‌డేట్?" అక్క. తల ఎత్తకుండానే అడిగింది.

"పదింటికి. ఆ ప్రాంతంలో."

"నువ్వు చూశావా?"

"నేను పడుకుని ఉన్నా కదా."

"మరి పదింటికని నీకెలా తెలుసు?"

"అప్‌డేట్లు పదింటికే వస్తాయక్కా. వాళ్ళకీ ఆఫీసు టైము ఉంటుంది."

అక్క గోళ్ళు చూసుకోవడం ఆపింది. ఆ ఆగడం నాకు బాగా తెలుసు, అద్దం మార్చే ముందు అలాగే చేస్తుంది. ముప్పై ఒకటి. ముప్పై నాలుగు. కింద వీధిలో ఎవరో మోటారు సైకిలు మొదలెట్టడానికి పదిసార్లు తన్నుతున్నారు, అది దగ్గుతోంది గానీ లేవడం లేదు, పొద్దున నేను కూడా అంతే, లేవలేదు. లేచి ఉంటే. లేవడానికి పెద్ద కష్టమేముంది, రెండు కాళ్ళు నేలమీద పెట్టాలి, పక్క గదికి ఎనిమిది అడుగులు, తెర చూడాలి, ఇది నాది కాదు అనాలి. మొత్తం అర నిమిషం. అమ్మ వచ్చి గరిటెతో మంచం కోడు మీద కొట్టింది. దుప్పటి లాగింది. పుస్తకం నా ముక్కు దగ్గర పెట్టింది. ఒక కన్ను తెరిచి చదివాను, చదవలేదని ఇందాకటి నుంచి నాకు నేనే చెప్పుకుంటున్నాను గానీ చదివాను, గుండ్రటి అక్షరాలు, 'ఆఖరి అధ్యాయం డ్రైవులోకి ఎక్కుతుంటే నీలం తెర వచ్చింది. నీదేనా?' కాదంటే లేవాలి. అవునంటే పడుకోవచ్చు. ఇంకో సంగతి కూడా ఉంది, చెప్పుకుంటే సిగ్గుగా ఉంటుంది, నేను చేయని అల్లరి నాదనుకుంటున్నారంటే ఎక్కడో లోపల గర్వంగా అనిపించింది, కష్టపడకుండా వచ్చిన పేరు. నాదే అని రాసి, కింద తోకలూ కొమ్ములూ పెట్టి సంతకం చేశాను. అమ్మ తెల్ల కాగితం చించి నా దిండు మీద పెట్టింది, నెత్తిన ఒకటి మొట్టి వెళ్ళిపోయింది. గోడ అవతల బటను నొక్కిపట్టిన చప్పుడేమీ వినబడలేదు, అలాంటివి వినబడవు. వైరు లాగిన చప్పుడు కూడా అంతే. నేను దుప్పటి కప్పుకున్నాను, ఆ నిద్ర ఎంత బాగుందో, అలాంటి నిద్ర ఇక నాకు ఈ జన్మలో దొరకదు.

నలభై ఎనిమిది. అక్క వచ్చాక లాప్‌టాప్ తెరిస్తే నీలం తెర నిజంగానే ఉంది, అప్‌డేట్ పూర్తి చేస్తున్నాం అని మిగిలిన సగం నడిచింది, నల్లడబ్బా పెడితే కనబడలేదు. అప్పుడు నాకు అరికాళ్ళ నుంచి తెలిసింది. దిండు మీది తెల్ల కాగితం తీసి ఏం చేశానంటారు, నమిలి మింగాను. అక్షరాలా. పాత ప్రెస్సు కాగితం, గట్టిగా ఉంది, ఇంకు చేదు, మూడు గ్లాసుల నీళ్ళు పట్టాయి, ఫ్రిజ్ తెరిచినప్పుడల్లా కాలింగ్ బెల్లు మోగింది, అక్క ఫ్రిజ్జేనని తెలిసీ మూడుసార్లూ వెళ్ళి వీధి తలుపు తీసి చూసింది. తర్వాత వచ్చి చెప్పాను, "అప్‌డేటే అక్కా తినేసింది, ప్రపంచమంతా ఇదే గోలట." ఎవరు ఏం తిన్నారో నా పొట్టకి తెలుసు.

అరవై. అమ్మ వంటింట్లో చడీచప్పుడు లేకుండా ఉంది. ఈ మూడు వారాల్లో నాకు తెలిసిందేమిటంటే, మాట్లాడని మనిషి ఇంట్లో ఎక్కడుందో ప్రతి నిమిషం వెతుక్కుంటూ ఉంటాం. ఇదివరకు అమ్మ అరిస్తే చెవులు మూసుకునేవాణ్ణి. పోయిన వారం ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఈ డబ్బా పెట్టి పందొమ్మిదో అధ్యాయం విన్నాను, భుజం కీలు గురించి. భుజం కీలుతో నాకేం పని. మధ్యలో ఒకచోట అమ్మ ఆగి, దగ్గి, 'మళ్ళీ' అని, ఆ వాక్యం మొదటి నుంచి చదివింది. ఆ 'మళ్ళీ' తీసేయడం మరిచిపోయింది. వెనక్కి తిప్పి ఆ ఒక్క మాటే ఏడెనిమిది సార్లు విన్నాను. ఈ సంగతి ఎవరికైనా చెబితే అది కోతే అంటారు, నేను అన్నీ కోతలే కోస్తాను కాబట్టి. డెబ్బై ఐదు. ఎనభై రెండు. దేవుడా, ఇది వెనక్కి పోతే మాత్రం ఏమొస్తుంది, పాడుచేసింది అప్‌డేట్ కాదు కదా, ముందుకి పోయినా వెనక్కి పోయినా పీకిన వైరు పీకిందే. ఇది నా ఒక్కడికే తెలుసు, అయినా అంకె పెరిగినప్పుడల్లా సంతోషంగా ఉంది. తొంభై తొమ్మిది. పన్నెండుకి పోతుందేమో అని చూశాను. నిజానికి పోవాలనే కోరుకున్నాను, పోతే ఇంకో గంట దొరుకుతుంది. పోలేదు. నాలుగుంపావుకి నూరు అయింది.

అక్క లేచి వచ్చి తనే వైరు పెట్టింది. దీపం వెలిగింది. ఇద్దరం తెర మీదికి వంగాం. చిన్న పెట్టె ఒకటి తెర మీదికి వచ్చింది, ఈ డ్రైవు వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయమంటారా, అని. అంటే అంతా తుడిచేయమంటారా అని. చాలా మర్యాదగా అడిగింది.

అక్క ఫోను కలిపి స్పీకరులో పెట్టింది. లైబ్రరీ ఆయన అంతా విన్నాడు, దమ్ము తీసుకున్నాడు. "అయితే కష్టమే అమ్మా. ఎవరైనా మధ్యలో లాగి ఉంటే వేరే సంగతి. ఎవరూ ముట్టుకోలేదని తమ్ముడు చెబుతున్నాడు కదా, ఊరికే ఇలా అయిందంటే లోపల డిస్కే పోయిందన్నమాట. ఇక్కడ చేసేదేమీ లేదు. పిల్లలకి కంప్యూటరు గొంతుతో ఏదో ఒకటి చేసి ఇద్దాం, బొమ్మలు రావు, ఏం చేస్తాం. మేడమ్‌కి నేనే తర్వాత వచ్చి చెబుతాలే."

మేడమ్ అక్కడే ఉంది. ఎప్పుడు వచ్చిందో. చెయ్యి కొంగుకి తుడుచుకుంది, అచ్చం ఆ చిక్కుడుకాయల రోజులాగే, వచ్చి నా ఒళ్ళో డూప్లికేటు పుస్తకం పెట్టింది. తెరిచే పెట్టింది. నంబరు మూడువందల పద్దెనిమిది. తెల్ల కాగితం లేదు, అది నా పొట్టలో ఉంది. కింద గులాబీ కాగితం ఉంది. నీలం కార్బను అక్షరాల్లో, కొంచెం మసకగా, 'ఆఖరి అధ్యాయం డ్రైవులోకి ఎక్కుతుంటే నీలం తెర వచ్చింది. నీదేనా?' దాని కింద, 'నాదే.' దాని కింద తోకలు, కొమ్ములు. కార్బను కాగితాల మీద మూడు తరాలు బతికిన ఇంట్లో పుట్టి, పైకాగితం మింగితే సరిపోతుందనుకున్నాను. అమ్మ ముఖంలో కోపం లేదు, కోపం ఉంటే బాగుండేది. పొద్దున్నుంచీ తనకి తెలుసు. వైరు లాగింది తనే. పదకొండింటికే ఈ కాగితం అక్క చేతిలో పెట్టి ఉండొచ్చు. పెట్టలేదు. గుమ్మంలో నిలబడి నేను చెబుతానేమోనని చూసింది. ఐదు గంటలపైనే చూసింది. గరిటెతో నేల మీద ఒకసారి కొట్టింది. ఎక్కడున్నావ్.

"ఏంట్రా అది?" అక్క వంగి చూస్తోంది. దానికి ఏ అక్షరమైనా ఇరవై అడుగుల దూరం నుంచి కనిపిస్తుంది.

"సార్," అన్నాను ఫోనుతో. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "పెట్టేయకండి సార్. వైరు లాగారు. అమ్మ లాగింది. అమ్మ తప్పేం లేదు, నేనే లాగమన్నాను. అంటే, అప్‌డేట్ నాదని చెప్పాను. అది నాది కాదు సార్. మూడుసార్లు ఉత్తుత్తివి వేశాను, ఇది నిజమైనది, నాదేనా అని అడిగింది, నాదే అన్నాను. ఆఖరి అధ్యాయం ఎక్కుతుండగా లాగింది. ఇందాక మీరడిగితే అబద్ధం చెప్పాను. లేవడానికి బద్ధకమేసి సార్, అంతే, ఇంకే కారణం లేదు."

వీధిలో మోటారు సైకిలు ఎట్టకేలకు మొదలైంది.

ఆయన దమ్ము తీసుకున్నాడు, ఈసారి పొడుగ్గా. "ఒరేయ్ తమ్ముడూ," అన్నాడు, "గంటన్నర కిందట ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేది? లాగితే లోపల విషయసూచిక చెదిరిపోతుంది, పేజీలు ఎక్కడికీ పోవు. చాలావరకు. ఆఖరిది పోయుండొచ్చు. తుడిచేయమంటే వద్దను. ఏమీ నొక్కకు, ఏమీ బాగుచేయకు, నీకు దణ్ణం పెడతాను. ఐదుదాకా ఉంటాను, పట్టుకుని రండి."

అక్క అప్పటికే డబ్బాని తువ్వాలులో చుడుతోంది, పసిపిల్లని చుట్టినట్టు. చెప్పులు వేసుకుంటూ నా వైపు చూడకుండానే అంది, "వచ్చాక నీ కళ్ళు పరీక్ష చేస్తా. రెండు కళ్ళూ." తలుపు వేసుకుని వెళ్ళింది. మెట్ల మీద దాని పరుగు కిందిదాకా వినబడింది. నాకు లేవాలని ఉంది, కుడికాలు ఇంకా రాలేదు.

అమ్మ నా పక్కన నేలమీద కూర్చుంది. పుస్తకంలో కొత్త కాగితం తిప్పింది, మూడువందల పంతొమ్మిది. కలం నా చేతికిచ్చి, వివరము గడి మీద వేలు పెట్టింది. తను రాస్తుందనుకున్నాను, నన్ను రాయమంటోంది. ఏం రాయాలో అడగబోయి మానేశాను. తొంభై తొమ్మిది నుంచి పన్నెండుకి వచ్చిన ఆ మధ్యాహ్నం దగ్గర మొదలుపెట్టాను. గడి చాలలేదు, అంచుల్లోకి పోయాను. సంతకం మాత్రం తోకలూ కొమ్ములూ లేకుండా, స్కూల్లో హాజరుపట్టీలో ఉన్నట్టు, నా పేరు పూర్తిగా రాశాను. ప్రతి అక్షరం గట్టిగా నొక్కి రాశాను, కింద గులాబీ కాగితం మీద కూడా పడాలని.